ఏడో నంబరు రింగు

మా వీధిలో పిన్నులు డజనుమంది ఉంటారు. అయినా ఎవరైనా కొత్తవాళ్ళొచ్చి "పిన్ని ఇల్లెక్కడ?" అని అడిగితే అందరి వేళ్ళూ ఒకే తలుపు వైపు తిరుగుతాయి. కింద టైలర్ షాపు, పైన రెండు గదులు, మేడమీద అత్తగారి కోళ్ళు, పక్కన పశువుల ఆసుపత్రి ప్రహరీ గోడ. షాపు పిన్ని మొగుడిది. మేడ పిన్ని అత్తగారిది. పిన్నిది మాత్రం గోడకవతల, ఆసుపత్రి ఆవరణలో, ఇనుప జాలీ కొట్టిన షెడ్డు. అందులో పన్నెండు తెల్లకోళ్ళు. వాటికి తల్లీ, తండ్రీ, పోలీసూ, గుమాస్తా అన్నీ పిన్నే.

అవి వట్టి కోళ్ళు కావు, ఉద్యోగం చేసే కోళ్ళు. మా ఊరికి ఆనుకుని నది, నదికవతల వేరే దేశం, మధ్యలో వంతెన, వంతెన మీద రోజుకి ఆరు బస్సులు. మనుషులైతే కాగితం చూపించి దాటాలి. చలికాలంలో పైనుంచి వచ్చే పక్షులకి కాగితమెక్కడిది? వాటి వెంట బర్డ్ ఫ్లూ వస్తుందేమోనని దేశాలన్నీ కలిసి ఒక ఒప్పందం చేసుకుని, నది పొడుగునా అక్కడక్కడా కావలి కోళ్ళని పెట్టాయి. మొత్తం పధ్నాలుగు దేశాలు. పిన్ని లెక్కలో నలభై. ఆవిడ మంచి హుషారు మీద ఉన్న రోజున ప్రపంచంలో లేని దేశాలు కూడా అందులో చేరేవి.

"రోగం ముందు వీటికి తగలాలి పిన్నీ," అని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. "పదిహేను రోజులకోసారి రెక్క కింద నరంలోంచి ఇంత రక్తం తీస్తాం. రోగంతో పోట్లాడిన గుర్తులు అందులో కనబడ్డాయనుకోండి, రోగం మన గుమ్మం తొక్కినట్టే. అందుకే వీటికి టీకా వెయ్యకూడదు. టీకా వేసినా రక్తంలో అవే గుర్తులొస్తాయి. అప్పుడు రోగం వచ్చిందో, టీకా వేశారో ఎవరికి తెలుస్తుంది?"

"అంటే కాపలావాడికి ముందే రెండు దెబ్బలు తగిలించి, దొంగ కొట్టాడా ఇంకెవరైనా కొట్టారా అని అడిగినట్టు," అంది పిన్ని.

"నాకంటే మీరే బాగా చెప్పారు," అంది డాక్టరమ్మ. అంతే, ఆ మాట పిన్ని వారం రోజులపాటు వీధి వీధికీ మోసింది.

అసలు ఈ ఉద్యోగం ఆవిడకి ఎలా దొరికిందంటే, అంతకుముందు ఇరవై ఏళ్ళు అదే ఆసుపత్రిలో చీపురు పట్టింది. చదువు ఐదో తరగతి. ఒకరోజు ఒక ఆవు నురగలు కక్కుతూ వచ్చింది. కాంపౌండరు ఏదో మందు కలుపుతుంటే పిన్ని చీపురు పక్కనపెట్టి, "దీనికి జబ్బూ లేదు గిబ్బూ లేదు, గొంతులో ఏదో అడ్డం పడింది, చూపు చూడండి," అంది. డాక్టరమ్మ మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒక బంగాళాదుంప బయటికి లాగింది. ఆ రోజు అది బంగాళాదుంపే, నేను చూశాను. ఏడాది తిరిగేసరికి పిన్ని నోట్లో అది కొబ్బరికాయంత అయింది. ఇప్పుడు అడిగితే గుమ్మడికాయ అంటుంది. ఆవు మాత్రం పెరగలేదు.

కోళ్ళ దగ్గర పిన్ని వైభవం చూసి తీరాలి. పొద్దున ఏడింటికి ఇంటి చెప్పులు గోడ దగ్గర వదిలేసి, గోడకవతల ఉంచిన రబ్బరు బూట్లు తొడిగి, మందు నీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచి, తెల్లకోటు వేసుకుని లోపలికెళ్ళేది. మేడమీద కోళ్ళ వాసన కింద కోళ్ళకి తగలకూడదని రూలు. అందుకని అత్తగారు మేడ దిగి ఎదురొస్తే పిన్ని రెండడుగులు వెనక్కి వేసి, "అత్తయ్యా, దూరం దూరం, నేను డ్యూటీలో ఉన్నాను," అనేది. ముప్పై ఏళ్ళు అత్తగారి నుంచి దూరం జరగడానికి ఎన్ని వేషాలు వేసినా కుదరని మనిషికి, పధ్నాలుగు దేశాలు సంతకం పెట్టిన కారణం దొరికింది.

తర్వాత రిజిస్టరు. తిన్నాయా, తాగాయా, ముక్కు కారుతోందా, గుడ్లెన్ని. ఆఖరి గడి, చనిపోయినవి. నాలుగేళ్ళుగా ఆ గడిలో రోజూ సున్నాయే. పిన్నికి రాయడం వచ్చిన వాటిలో అన్నింటికంటే అందంగా వచ్చింది సున్నా. గుండ్రంగా, తీరుబడిగా, గుడ్డుకి గుడ్డులా చుట్టేది. ఎప్పుడైనా కోడి చస్తే మాత్రం గంటలోపు ఫోన్ చెయ్యాలి, చచ్చినదాన్ని ఐసు పెట్టెలో పెట్టాలి, మిగతా పదకొండింటినీ పరీక్ష చెయ్యాలి. ఆ రూలు కాగితం షెడ్డు తలుపుకే అంటించి ఉంది. నాలుగేళ్ళలో ఎండకి రంగు వెలిసిపోయింది గానీ ఎవరికీ పని పడలేదు.

అలాంటి సమయంలో ఒక గురువారం డాక్టరమ్మ వచ్చి, "పిన్నీ, మన షెడ్డు ఫోటో పత్రికలో వేస్తున్నారు. పధ్నాలుగు దేశాలకీ వెళ్ళే పత్రిక. సోమవారం ఫోటో తీసేవాళ్ళొస్తారు. మీరూ, పన్నెండు కోళ్ళూ వరసగా. నాలుగేళ్ళలో ఒక్క కోడీ చావని షెడ్డు ఇదొక్కటే అట," అంది.

పిన్ని ఆ మధ్యాహ్నమే కోటుకి ఇస్త్రీ చేయించింది. మొగుడు బాబాయ్ చేత కాలరు మార్పించింది. బాబాయ్ నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడే మనిషి. మాట ఎప్పుడూ పళ్ళ సందుల్లోంచే వస్తుంది.

"ఫోటో నీదా, కోళ్ళదా?" అన్నాడు.

"నాదీ."

"అయితే కోళ్ళక్కూడా తలా ఒక కాలరు కుట్టనా?"

శుక్రవారం సాయంత్రం దెబ్బ పడింది. పిన్ని మేతేసి బయటికొచ్చి, గడియ సగమే వేసి, గోడ దగ్గర ఎవరితోనో మాటల్లో పడింది. ఆ ఎవరో ఎవరన్నది కథకి అనవసరం. ఫోటో గురించి అడిగితే చెప్పకుండా ఎలా ఉంటుంది, చెబుతుంటే వినకుండా ఎలా పోతారు? గంటో, గంటన్నరో అయింది. ఈలోగా కాలు కుంటే వీధికుక్క ఒకటి తలుపు ముక్కుతో తోసుకుని లోపలికి పోయి, ఒకే ఒక్క కోడిని పట్టుకుని, గోడ పక్కన కూర్చుని తీరిగ్గా కానిచ్చింది. పిన్ని వెళ్ళేసరికి గుప్పెడు తెల్ల ఈకలూ, ఒక పసుప్పచ్చ కాలూ మిగిలాయి. కాలికి అల్యూమినియం రింగు. దాని మీద ఏడు.

పిన్ని ఏడవలేదు. ఆ కాలు పట్టుకుని తిన్నగా టైలర్ షాపులోకి వచ్చి కట్టింగు బల్ల మీద పెట్టింది. బల్ల మీద ఎవరిదో పెళ్ళి సూటు పరిచి ఉంది.

బాబాయ్ సూదులు ఉమ్మేశాడు. "ఏమిటే ఇది?"

"ఏడో నంబరు."

"మిగతాదేది?"

"కుక్కలో ఉంది."

"అయితే డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి. చావు గడిలో ఒకటి వెయ్యి. ఒకటే కదా, సున్నా కంటే ఈజీ, గీతే."

"సోమవారం ఫోటో అండీ! పధ్నాలుగు దేశాలు! పదకొండు కోళ్ళతో, పక్కన ఈ కాలు పట్టుకుని నిలబడనా?"

బాబాయ్ ఎంత వెటకారం మనిషైనా పెళ్ళాం గొంతు వణికితే తట్టుకోలేడు. ఆ వీక్‌నెస్ వీధి మొత్తానికి తెలుసు. ప్రెస్ బటన్లు కొట్టే మిషను దగ్గర కూర్చుని, పట్టకారుతో రింగు విప్పి, గీత పడకుండా నూనె గుడ్డతో తుడిచి పెట్టాడు. కోడి దొరికితే మళ్ళీ బిగించడం రెండు నిమిషాల పని. కోడి దొరకడమే పెద్ద పని. మా ఊళ్ళో అన్నీ ఎర్రకోళ్ళూ నల్లకోళ్ళే. తెల్లది కావాలంటే బజార్లో అడగాలి. బజార్లో అడిగితే పావుగంటలో నాక్కూడా తెలిసిపోతుంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆడపడుచు. బాబాయ్ చెల్లెలు, ఇరవై ఏళ్ళ కిందట నదికవతల కాపరానికి వెళ్ళింది. ముప్పై తెల్లకోళ్ళు పెంచుతోంది. వదినా మరదళ్ళకి మాటలున్నాయి గానీ, ప్రతి మాటకీ ఒక ముల్లు ఉంటుంది. పిన్ని ఫోన్ చేసి, ముళ్ళన్నీ దాచి, తేనె పూసిన గొంతుతో, "ఆదివారం అమ్మని చూడ్డానికొస్తావు కదా, ఒక కోడిని తీసుకురామ్మా, పెంచుకుంటాను," అంది.

ఆడపడుచు బస్సులో గుడ్డసంచీతో దిగింది. వంతెన దగ్గర మనుషుల కాగితాలు చూస్తారు గానీ సంచీలు ఎవరు చూస్తారు? సంచీలోంచి తల బయటికి పెట్టి ఆ కోడి రెండు దేశాల జెండాలూ చూసుకుంటూ వచ్చింది.

"నా చేతి కోడి నీకు నచ్చుతుందా వదినా? మా ఇంటి నుంచి ఏది వచ్చినా నీకు వంకరగానే కనబడుతుంది కదా," అంది.

"నీ కోడి నీకంటే తిన్నగానే ఉందిలే," అంది పిన్ని. అంత అవసరంలో కూడా నాలుక ఊరుకోలేదు.

సోమవారం ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. పన్నెండు కోళ్ళు, మధ్యలో కొత్త కాలరుతో పిన్ని. రింగు తొడుక్కున్న కొత్త ఏడో నంబరు మాత్రం అందరికంటే ముందుకొచ్చి నిలబడింది. బుధవారం డాక్టరమ్మ వచ్చి రక్తం తీసింది, గొట్టాలు ఐసు పెట్టెలో పెట్టి రాజధానికి పంపింది. పిన్ని ఊపిరి పీల్చుకుంది.

పీల్చిన ఊపిరి వదిలేలోపే తొమ్మిదో రోజు వచ్చేసింది. ఆ శుక్రవారం ఆసుపత్రి ముందు మూడు తెల్ల బళ్ళు ఆగాయి. వాటిలోంచి తలనించి కాలిదాకా తెల్ల తొడుగులేసుకున్న మనుషులు దిగారు, చంద్రుడి మీదికి పోవాల్సినవాళ్ళు దారి తప్పి మా వీధిలో దిగినట్టు. వీధికి ఆ చివరా ఈ చివరా తాడు కట్టారు. డాక్టరమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. మైకులో చెప్పింది.

"ఒక కావలి కోడి రక్తంలో బర్డ్ ఫ్లూ గుర్తులు కనబడ్డాయి. అదే రక్తాన్ని వేరే దేశంలో ఉన్న పెద్ద ల్యాబుకి పంపాం. వాళ్ళు కూడా అవునంటే, సోమవారం పొద్దున కిలోమీటరు లోపలున్న ప్రతి కోడినీ, ప్రతి బాతునీ తీసుకెళ్ళాల్సి వస్తుంది. దయచేసి ఎవరూ వాటిని బయటికి పంపొద్దు."

తీసుకెళ్ళడం అంటే ఏమిటో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. నాలుగు వందల ఇళ్ళు. ప్రతి పెరట్లో, ప్రతి మేడమీదా రెండో మూడో ఉంటాయి. పిన్ని అత్తగారివి పదకొండు. ఆ ముసలావిడ మాట వినగానే మేడమెట్ల మీద కుర్చీ వేసుకుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ముందు నన్ను పట్టుకుపొమ్మనండి. ఆ తర్వాత నా కోళ్ళ సంగతి చూద్దురుగాని. డెబ్భై ఆరేళ్ళొచ్చాయి నాకు, వాళ్ళ తొడుగులు చూసి జడుసుకుంటానా?"

పిన్ని మాత్రం ఒక్కటే అడిగింది. "ఏ నంబరు డాక్టరమ్మా?"

"ఏడు."

ఇంటికొచ్చి తలుపేసుకుని ఆడపడుచుకి ఫోన్ చేసింది. "నువ్వు తెచ్చిన కోడికి ఏమైనా జబ్బు చేసిందా?"

"జబ్బా!" ఆడపడుచు కేక ఫోన్ లేకపోయినా వంతెన దాటి వినబడేది. "మా కోళ్ళకి జబ్బేమిటి వదినా? మా దగ్గర గవర్నమెంటే ఇంటింటికీ వచ్చి బర్డ్ ఫ్లూ టీకాలు వేస్తుంది. మీ దగ్గర అదీ లేదా? పాపం."

పిన్ని ఫోన్ పెట్టేసింది. రోగమూ లేదు, గీగమూ లేదు. అది టీకా గుర్తు. పెద్ద ల్యాబువాళ్ళు అదే రక్తాన్ని చూసి వాళ్ళూ అవుననే అంటారు. ఈ సంగతి తెలిసింది లోకంలో ఇద్దరికే, తనకీ, బటన్ల మిషను ముందు తల పట్టుకుని కూర్చున్న మొగుడికీ.

"చెబితే ఉద్యోగం పోతుంది," అంది పిన్ని. "రేపట్నుంచి మళ్ళీ చీపురు. పేరు పోతుంది. వీధిలో తలెత్తుకోలేను."

"నేను ప్యాంటు పొట్టిగా కుడితే ఒక్కడికే నష్టమే. వాడొచ్చి నన్ను తిట్టి పోతాడు," అన్నాడు బాబాయ్. ఈసారి నోట్లో సూదుల్లేవు. "నువ్వు కుట్టింది నాలుగు వందల ఇళ్ళకి. పైన మా అమ్మ కర్ర పట్టుకు కూచుంది."

"నాకు తెలీదా?"

"తెలుసు కాబట్టే చెబుతున్నా. పద, నేనూ వస్తా. రింగు బిగించిన చెయ్యి నాదే కదా."

శనివారం పొద్దున ఇద్దరూ డాక్టరమ్మ గదిలో నిలబడ్డారు. పిన్ని రిజిస్టరు బల్ల మీద పెట్టింది. అన్నీ చెప్పింది, కుక్క దగ్గర్నుంచి సంచీ దాకా. మామూలుగా కుక్క కథైతే పిన్ని నోట్లో అది పులి అయ్యుండేది. ఆ రోజు కుక్క కుక్కగానే ఉంది. కుంటిది అని కూడా చెప్పింది. అది విన్నాకే నాకు భయమేసింది. కిటికీ కింద పని ఉండి ఆగాన్లెండి.

డాక్టరమ్మ రిజిస్టరు ముందుకి లాక్కుంది. తర్వాత, "రింగు ఎలా బిగించారు?" అంది.

"బటన్లు కొట్టే మిషనుతో," అన్నాడు బాబాయ్.

"దాని మీద చిన్న పువ్వు గుర్తు ఉంది."

"మా మిషను కొడితే పువ్వు పడుతుందండీ. కస్టమర్లకి ఇష్టం."

"నేను చూశాను," అంది డాక్టరమ్మ, తనమీద తనకే కోపమొచ్చిన గొంతుతో. "రక్తం తీసేటప్పుడు చూశాను. కొత్త రకం రింగులొచ్చాయేమో అనుకున్నాను." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పిన్నీ, మిమ్మల్ని తర్వాత తిడతాను. ముందు ఇది చూడాలి. నేను రాస్తే చాలదు. టీకా వేశామని అవతలివాళ్ళు కాగితం మీద చెప్పాలి. టీకాకీ రోగానికీ తేడా పట్టే పరీక్ష వేరే ఉంది, కానీ కాగితం లేందే ల్యాబు ఆ పరీక్ష చెయ్యదు. మా ఉత్తరం రాజధానికి పోయి, అక్కడ వాళ్ళ భాషలోకి మారి, వాళ్ళ రాజధానికి పోయి, కిందికి దిగేసరికి మూడు వారాలు. మనకున్నది రెండ్రోజులు."

"అవతల డాక్టరు మీకు తెలీదా?"

"ఆరేళ్ళుగా ఉత్తరాలు రాసుకుంటున్నాం. ఆయన సంతకం తెలుసు."

"ఫోన్ నంబరు?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. రెండు దేశాలు, ఒక ఒప్పందం, నదికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా నిలబడితే చెయ్యూపినా కనబడే దూరం. ఒకళ్ళ నంబరు ఒకళ్ళ దగ్గర లేదు.

"మా మరదలింటి పక్క సందులోనే ఉంటాడాయన," అంది పిన్ని. "గుండుమీద మూడు వెంట్రుకలు, దువ్వెన మాత్రం జేబులో పెట్టుకుంటాడట. ఆవిడే చెప్పింది."

అరగంటలో ఫోన్ తెర మీద ఆడపడుచు, ఆవిడ భుజం పక్కన గుండు డాక్టరు. ఇటు కోళ్ళ షెడ్డులో తెల్లతొడుగులో డాక్టరమ్మ, ఏడో నంబరుని చంకలో పెట్టుకుని పిన్ని. ఆయనకి మన భాష రాదు, డాక్టరమ్మకి ఆయన భాష రాదు. రెండు దేశాల మధ్య మాట నడిపే భారం ఆడపడుచు మీద పడింది. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి అవకాశం కోసమే చూస్తున్నట్టు ఆవిడ గొంతు సవరించుకుంది.

"ముందు నేనొక మాట చెప్పాలి. వదినా, కోడిని పెంచుకోమని ఇచ్చాను గానీ, ఉద్యోగంలో పెట్టమని కాదు."

"దయచేసి, ఆయనేమంటున్నారు?" అంది డాక్టరమ్మ.

"రెక్క పైకెత్తమంటున్నాడు. రెక్క పల్చటి చర్మంలో మూడు మూలల చిల్లు ఉందా అంటున్నాడు. టీకా వేసిన ప్రతిదానికీ అలా చిల్లు పెడతారు."

పిన్ని రెక్క విప్పి ఎండకి పట్టింది. ఈకల సందులో గోరంత చిల్లు, మూడు మూలలూ తేలుతూ. నాలుగేళ్ళు కోళ్ళని చదివిన కళ్ళు అన్ని రోజులూ దాన్ని చూడనే లేదు.

గుండు డాక్టరు ఏదో గబగబా అన్నాడు, చేతిలో పుస్తకం ఊపుతూ. ఆడపడుచు మొహం మారింది. అనువాదం ఆగిపోయింది.

"ఏమన్నారు?" అంది డాక్టరమ్మ.

"ఏం లేదు. వాతావరణం బాగుందంటున్నాడు."

ఆయన పుస్తకంలో ఒక గీత మీద వేలు పెట్టి మళ్ళీ అడిగాడు. భాష రాకపోయినా, అది వాతావరణం కాదని కోడిక్కూడా అర్థమైంది.

"చెప్పమ్మా," అంది పిన్ని. "నేను నా పరువు బల్లమీద పెట్టేసి వచ్చాను. నీదేం మిగిలిందని?"

ఆడపడుచు నిట్టూర్చింది. "మా ఇంట్లో ముప్పై కోళ్ళకి టీకా వేసినట్టు రాసుందట. పోయిన వారం లెక్కకి ఇరవై తొమ్మిదే ఉన్నాయి. ముప్పైయ్యోది ఏదని అడిగితే నేను... కుక్క తినేసిందని చెప్పాను."

పిన్ని చంకలోని ఏడో నంబరు వైపు చూసింది. తర్వాత పిన్నికి నవ్వాగలేదు, అటు ఆడపడుచుకీ ఆగలేదు. ముప్పై ఏళ్ళలో వదినా మరదళ్ళిద్దరూ ఒకే మాటకి నవ్వడం అదే మొదటిసారి. ఎందుకు నవ్వుతున్నారో తెలియక గుండు డాక్టరు కూడా నవ్వాడు.

ఆయన మాత్రం మంచివాడు. తన పై ఆఫీసుని అడగకుండానే పుస్తకంలో పేజీని ఫోటో తీసి, ముద్ర వేసి, సంతకం పెట్టి డాక్టరమ్మ ఫోన్‌కి పంపాడు. "సంతకం ఆయనదే," అంది డాక్టరమ్మ. ఆరేళ్ళ ఉత్తరాలు అక్కడ పనికొచ్చాయి. ఆ కాగితం సాయంత్రానికి పెద్ద ల్యాబులో ఉంది. ఆదివారం మధ్యాహ్నం జవాబొచ్చింది. రోగం కాదు, టీకా. మిగతా పదకొండు కోళ్ళ రక్తమూ శుభ్రం. సోమవారం పొద్దున వీధికి కట్టిన తాళ్ళు విప్పేశారు. అత్తగారు మేడమెట్ల మీంచి కుర్చీ తీసి, మూడ్రోజులుగా కింద పెట్టని కర్రని గోడకి ఆనించి, తిన్నగా కోళ్ళ దగ్గరికి పోయింది. కోడలి మొహం చూడలేదు.

పిన్ని ఉద్యోగం పోయింది. డాక్టరమ్మ పైవాళ్ళకి ఏదీ దాచలేదు, మెత్తగా కూడా రాయలేదు. "మీరు చెప్పకపోతే ఏం జరిగేదో రాశాను. ముందే చెప్పుంటే ఏం జరిగేదో కూడా రాశాను," అంది. పిన్ని తలూపింది. రిజిస్టరులో కుక్క వచ్చిన శుక్రవారం గడి దగ్గర సున్నాని కొట్టేసి, పక్కన ఒక గీత గీసి, సంతకం పెట్టి ఇచ్చేసింది. షెడ్డు తాళం కాంపౌండరు తీసుకున్నాడు. ఏడో నంబరుని రాజధాని ల్యాబువాళ్ళు పట్టుకెళ్ళారు. అక్కడ దానికి ఏసీ గదీ, ఇద్దరు నౌకర్లూ ఉన్నారని వినికిడి. విన్నది నేనే.

పిన్ని మళ్ళీ చీపురు పట్టింది. మూడు నెలలు వీధిలో ఎవరింటి కోడి కూసినా ఆవిడ తల దించుకుని నడిచింది. పలకరిస్తే పలికేది, అంతే. బంగాళాదుంప కథ అడిగితే, "బంగాళాదుంపే," అనేది. అది చూసి మాకు దిగులు పట్టుకుంది.

ఈలోగా రెండు దేశాలవాళ్ళూ కూర్చుని రిపోర్టు రాశారు. అందులో పెద్ద విషయంగా తేల్చిందేమిటంటే, వంతెన మీది బస్సుల్లో ప్రయాణికులు కోళ్ళని సంచీల్లో పెట్టుకుని దాటిస్తున్నారని, ఇది రెండు ప్రభుత్వాలకీ తెలియదని. వీధిలో రెండేళ్ళ పసిదానికీ తెలుసు. మరి సంచీలు చూసే మనుషులు కావాలి. చూపుతోనే పట్టెయ్యాలి, దబాయిస్తే దడవకూడదు, దొంగ ఎలా ఆలోచిస్తాడో ముందే తెలిసుండాలి. ఇటుపక్క డాక్టరమ్మ ఒక పేరు రాసింది. అటుపక్క గుండు డాక్టరు ఒక పేరు రాశాడు. ఇద్దరూ ఇప్పుడు రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు గాబట్టి ఒకళ్ళకి తెలియకుండా ఒకళ్ళు రాశారంటే నేను నమ్మను.

ఇప్పుడు వంతెనకి ఈ చివర బస్టాపులో ఆకుపచ్చ కోటుతో పిన్ని, ఆ చివర నీలం కోటుతో ఆడపడుచు. బస్సు అక్కడ ఎక్కే ముందు ఆవిడ చూస్తుంది, ఇక్కడ దిగాక ఈవిడ చూస్తుంది. సంచీ పట్టుకున్న చేతిని బట్టి లోపలున్నది కూరగాయలో, ప్రాణమున్నదో పిన్ని చెప్పేస్తుంది. ఒకాయన కోటు లోపల బాతుని దాచుకొస్తే, పలకరించకుండా పక్కన నిలబడి ఒక్క క్షణం ఊరుకుంది. బాతే పలకరించింది. మొదటి నెల్లో ఇద్దరూ కలిసి పట్టినవి పంతొమ్మిది. పిన్ని లెక్కలో ఇప్పటికి రెండు వందలు దాటాయి. అది విని మేమంతా ఊపిరి పీల్చుకున్నాం.

మొన్న పదకొండు గంటల బస్సుకి నేను బస్టాపులోనే ఉన్నాను, పనేమీ లేదు. పిన్ని ఫోన్ మోగింది. ఆడపడుచు గొంతు నాకు కూడా వినబడింది, ఆవిడ గొంతు అలాంటిది.

"వదినా, మూడో సీటు, కిటికీ పక్క, పచ్చ సంచీ. ఎక్కేదాకా సంచీ కదల్లేదు, నేను చూడలేదు. బస్సు కదిలాక అది కూడా కదిలింది."

"ఎవరు?"

ఆవిడ గొంతు మొదటిసారి తగ్గింది. "మా అమ్మ."

పిన్ని ఫోన్‌ని రెండో చెవికి మార్చుకుంది. "నువ్వే చెబుతున్నావా?"

"నేను కాక ఎవరు చెబుతారు వదినా? రాత్రి నా ఇంట్లో తిని, నా పెరట్లోది సంచీలో వేసుకుని పోయింది. ఇరవై తొమ్మిది మళ్ళీ ఇరవై ఎనిమిది అయ్యాయి. ఈసారి కుక్క అని చెప్పను బాబోయ్."

బస్సు ఆగింది. అత్తగారు కర్ర ముందు, సంచీ వెనక పెట్టుకుని దిగింది. కోడల్ని చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"అత్తయ్యా, సంచీ ఇలా ఇవ్వండి," అంది పిన్ని.

"ఏముంది ఇందులో, నా మందులు."

సంచీ కొక్కొరోమంది.

ముసలావిడ సంచీ వైపు ఒకసారి, వంతెన వైపు ఒకసారి, కోడలి చేతిలో ఇంకా వెలుగుతున్న ఫోన్ వైపు ఒకసారి చూసింది. తర్వాత కర్రతో నేలమీద ఒక్కటిచ్చింది.

"ఓసి మీ దుంపతెగ! ముప్పై ఏళ్ళు మీ ఇద్దర్నీ కలపాలని చూస్తే కలవలేదు గదే! ఇప్పుడా కలవడం?"

"సంతకం ఇక్కడ పెట్టండి అత్తయ్యా," అంది పిన్ని, కాగితం ముందుకు తోస్తూ. ఫోన్లో ఆడపడుచు, "అమ్మ కళ్ళజోడు నా దగ్గరే మర్చిపోయింది వదినా, వేలు పట్టుకుని చోటు చూపించు," అంది.

పిన్ని అత్తగారి వేలు పట్టుకుని చోటు చూపించింది.